అమ్మతో కలిసి ఆడటానికి దెయ్యాల బంగళా గేమ్ కావాలి, తుపాకులు వద్దు

పెంకుటిల్లు:

నమస్తే అండీ. ఇక్కడ రాయడం మొదటిసారి. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 66. డిసెంబర్లో మోకాలి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ మా దగ్గరే ఉంటోంది, మియాపూర్‌లో. టీవీ సీరియళ్ళు ఆవిడకి పడవు. "ఒకే మొహాన్ని మూడుసార్లు చూపిస్తారేంటే" అంటుంది. ఆవిడ ప్రాణమంతా డిటెక్టివ్ నవలలు. అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకుని లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివిన బాపతు. హంతకుడెవరో సగంలోనే కనిపెట్టేస్తుంది. కనిపెట్టి ఊరుకోదు, మనకి చెప్పేస్తుంది.

పోయిన నెల ఓ రాత్రి నిద్రపట్టక లాప్‌టాప్‌లో ఏదో ఫ్రీ గేమ్ ఆడుకుంటున్నా. పాత బంగళా, బయట వాన, గదినిండా సామాను. అందులో కత్తెర, గుడ్లగూబ బొమ్మ, తాళంచెవి వగైరా వెతకాలి. అమ్మ వాకర్ పట్టుకుని ఎప్పుడొచ్చిందో వెనక నిలబడింది. "కత్తెర ఆ కూజా వెనకాల ఉంది చూడు" అంది. ఇక అంతే. నేను క్లిక్ చెయ్యడం, ఆవిడ వెతకడం. కుర్చీ వేస్తానన్నా కూర్చోదు. తర్వాత రెండు రోజులు కాలు నొప్పి అని నా మీదే విసుక్కుంది.

ఆ గేమ్ మూడు రోజుల్లో అయిపోయింది. అమ్మకి మాత్రం ఒక అనుమానం మిగిలిపోయింది. ఆ బంగళాలో వంటింటి తలుపుకి తాళం బదులు మూడు రంగురాళ్ళు ఉంటాయి. ఒకటి మేడమీద పియానోలో, ఒకటి తోటలో విగ్రహం చేతిలో, ఒకటి బావిలో. అవి మూడూ తెచ్చి పెడితేనే తలుపు తెరుచుకుంటుంది. "వంటింటికి ఇలాంటి తాళం పెట్టుకుంటే పొద్దున్నే కాఫీ ఎలా కాచుకుంటారే వీళ్ళు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ అడగడంలో అర్థముంది లెండి. అమ్మ పుట్టింది అమలాపురం దగ్గర ఒక మండువా లోగిలిలో. లంకంత కొంప. ఏ గదికి ఏ గొళ్ళెం ఉందో, అటక మీద ఏ మూల ఊరగాయ జాడీలు ఉండేవో, చీకటి పడ్డాక ధాన్యం గదిలోకి ఎవరు ఎవరిని పంపేవారో ఇప్పటికీ చెప్తుంది. ఇల్లు తప్పుగా కట్టి ఉంటే ఆవిడ ఊరుకోదు. గేమ్‌లో ఇల్లైనా సరే.

మా పరిస్థితి ఇది: 2018 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, వేరే గ్రాఫిక్స్ కార్డ్ లేదు. పాపకి కొన్న ట్యాబ్ ఒకటి ఉంది. అమ్మ పోస్టాఫీసులో చేసి రిటైరైంది, ఇంగ్లీష్ ఇబ్బంది లేదు. తుపాకులు, పరిగెత్తడాలు వద్దు, నా చేతులు వణుకుతాయి. దెయ్యం ఉన్నా ఫర్వాలేదు కానీ మొహం మీదికి దూకకూడదు. భయం నాకే, అమ్మకి కాదు. ఏం ఆడమంటారు?

రాత్రిషిఫ్ట్:

గాన్ హోమ్. 2013లో వచ్చింది, మీ లాప్‌టాప్ మీద సెట్టింగ్స్ తగ్గించుకుంటే నడవాలి. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రం, 1995 జూన్, అర్ధరాత్రి, గాలివాన. ఏడాది తర్వాత ఓ అమ్మాయి యూరప్ నుంచి ఇంటికొస్తుంది. ఇంట్లో ఎవరూ ఉండరు. తలుపుకి చెల్లెలు అంటించిన చీటీ ఒకటి. లైట్లు వేసుకుంటూ, సొరుగులు లాగుతూ, ఉత్తరాలు చదువుతూ ఏం జరిగిందో మీరే తెలుసుకోవాలి. మూడు గంటల్లో అయిపోతుంది. మొహం మీదికి ఏదీ దూకదు, నాది పూచీ. నేను మాత్రం రెండు గంటలపాటు దూకుతుందేమోనని బిక్కుబిక్కుమంటూనే తిరిగాను.

రెండోది వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్, 2017. వాషింగ్టన్ రాష్ట్రంలో సముద్రం పక్కన ఇల్లు, చనిపోయినవాళ్ళ గదులకి సీలు వేసేసి, పైన కొత్త గదులు కట్టుకుంటూ పోయిన కుటుంబం. చాలా బాగుంటుంది. కానీ అందులో ఒక చంటిబిడ్డ కథ ఉంది, స్నానాల తొట్టి దగ్గర. మీ ఇంట్లో పసిపిల్లలుంటే ఆడకండి. మా అక్కకి ఇచ్చి తప్పుచేశాను, వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మెమరీకార్డు:

అమ్మగారి కాఫీ ప్రశ్న దగ్గర ఆగిపోయానండీ. ఈ రకం గేములు చేసేవాళ్ళు నలభై ఏళ్ళుగా తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న అది.

ముందు నా పేరు సంగతి చెప్తా, విషయం అక్కడే ఉంది. 1999, విజయవాడ. మా కాలేజీ పక్క సందులో ఒక వీడియో గేమ్ షాపు. రెండు ప్లేస్టేషన్లు, ఒక ఫ్యాను, గంటకి ఇంత అని. అక్కడ మొదటి రెసిడెంట్ ఈవిల్ ఉండేది, జపాన్‌లో 1996లో వచ్చిన జాంబీల బంగళా గేమ్. అందులో సేవ్ చేసుకోవాలంటే గదిలో టైప్‌రైటర్ ఉండాలి, మన దగ్గర రిబ్బన్ ఉండాలి. రిబ్బన్లు పొదుపుగా వాడుకోవాలి కాబట్టి సేవ్ చెయ్యాలా వద్దా అని టెన్షన్. మాకా టెన్షన్ లేదు. సేవ్ చేసింది దాచుకునే మెమరీ కార్డే షాపులో లేదు మరి. నిజానికి ఉంది. ఓనర్ సొరుగులో దాచాడు, ఎవరి ఆట వాళ్ళు సేవ్ చేసుకుంటే త్వరగా అయిపోయి డబ్బులు రావని. ఇది ఆర్నెల్ల తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు.

అంచేత ప్రతి ఆదివారం ముగ్గురం చందాలు వేసుకుని మొదట్నుంచీ మొదలుపెట్టేవాళ్ళం. పెద్ద హాలు. ఎడమ తలుపు తీస్తే భోజనాల గది, పొడుగు బల్ల, గోడకి గడియారం టక్ టక్‌మంటూ. ఆ గది అవతలి తలుపు దాటి వెళ్తే ఒకడు నేల మీద వంగి ఏదో తింటూ ఉంటాడు. తల మెల్లిగా ఇటు తిప్పుతాడు. మొదటి ఆదివారం మా రూమ్మేట్ కంట్రోలర్ నా ఒళ్ళో పడేశాడు. ఇంకోవైపు ఒక వరండా, నడుస్తుంటే కిటికీ అద్దాలు బద్దలు కొట్టుకుని కుక్కలు దూకుతాయి. నాలుగో ఆదివారానికి ఆ కుక్కలు ఏ కిటికీలోంచి దూకుతాయో తెలుసు, ఎన్నో అడుగుకి దూకుతాయో తెలుసు. భయం పోయింది. ఇల్లు మిగిలింది. ఆ ఇంటి మొదటి గంట నాకు మా ఊళ్ళో మేనత్త ఇంటికంటే బాగా తెలుసు.

అప్పుడర్థమైంది, ఈ గేముల్లో దెయ్యం పని మొదటి పది నిమిషాలే. తర్వాత మనల్ని పట్టి ఉంచేది ఇల్లు. రోజూ పోయే దారిలోనే తెరుచుకోని తలుపు ఒకటి ఉంటుంది చూడండి, అది.

అసలీ బంగళాలే ఎందుకు? కొంత భయం కోసం, ఎక్కువ భాగం చోటు లేక. 1980లో అమెరికాలో రాబర్టా విలియమ్స్ అనే ఆవిడ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం మిస్టరీ హౌస్ అనే గేమ్ రాసింది. ప్రోగ్రామ్ భర్త కెన్ రాశాడు. బొమ్మలున్న మొదటి అడ్వెంచర్ గేమ్ అదేనంటారు. 70 బొమ్మలు, ఉత్త గీతలు, చిన్నపిల్లలు పలక మీద గీసినట్టు. ఒక ఫ్లాపీలో కథంతా ఇరికించాలి. ఊరంతా గీస్తే పట్టదు, ఇల్లైతే పడుతుంది. గోడలున్నాయి కాబట్టి ఆడేవాడు బయటికి పోడు, తలుపులున్నాయి కాబట్టి ఒక్కో గదీ ఒక్కో బొమ్మ. ప్లాస్టిక్ జిప్ కవర్లలో పెట్టి అమ్మారు దాన్ని. పదహారేళ్ళ తర్వాత రెసిడెంట్ ఈవిల్ కూడా అదే చేసింది. తలుపు కిర్రుమంటూ మెల్లిగా తెరుచుకునే సీన్ గుర్తుందా? మన గుండె అదిరేది అక్కడే. వెనకాల జరిగేది మాత్రం సీడీలోంచి తర్వాతి గది లోడ్ అవ్వడం.

ఇక కాఫీ ప్రశ్న. దీనికి గేములు మూడు రకాల జవాబులిచ్చాయి.

ఒకటి, ఇంటాయన పిచ్చోడు అనేస్తారు. 1993లో వచ్చిన సెవెంత్ గెస్ట్ అలాంటిది. బొమ్మలు చేసే స్టాఫ్ అనేవాడు బంగళా కట్టి ఆరుగురు అతిథుల్ని పిలుస్తాడు. రెండు సీడీల గేమ్, కంప్యూటర్‌కి సీడీ డ్రైవ్ పెట్టించుకోడానికి జనాలకి ఒక సాకు దొరికింది అప్పట్లో. మొదట్లోనే ఒక కేకు కొయ్యాలి, ఆరు సమాన వాటాలు, ఒక్కోదానిలో రెండు పుర్రెలు, రెండు సమాధి రాళ్ళు వచ్చేలా. అది బాగుంటుంది. తర్వాత వంటింటి అల్మరాలో డబ్బాలు సర్ది ఒక వాక్యం చెయ్యాలి, ఆ వాక్యంలో అచ్చులకి బదులు అంతా వై అక్షరమే. ఇంగ్లీష్ పుట్టుకతో వచ్చినవాళ్ళకే చెమటలు పట్టాయి. అమ్మగారికి వద్దు.

రెండోది, ఇల్లే ఒక జోకు అనుకుంటారు. 1987లో మేనియాక్ మాన్షన్. రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ కలిసి చేశారు. అందులో ఒక రంపపు మిషన్ దొరుకుతుంది, దానికి పెట్రోలు కోసం ఇల్లంతా గాలిస్తాం. ఇంట్లో ఎక్కడా ఉండదు. ఎంతమంది రాత్రులు పోయాయో దాని మీద! ఆ కంపెనీవాళ్ళే తర్వాతి సంవత్సరం ఇంకో గేమ్‌లో, అంగారకుడి మీద, ఆ పెట్రోలు పెట్టారు. అదక్కడా పనికిరాదనుకోండి. దీనికి తరువాయి భాగం డే ఆఫ్ ది టెంటకిల్ 1993లో వచ్చింది, 2016లో బొమ్మలు బాగుచేసి మళ్ళీ వదిలారు. అందులో ఒక గదిలో కంప్యూటర్ ఉంటుంది, అది ముట్టుకుంటే పాత మేనియాక్ మాన్షన్ మొత్తం ఆడుకోవచ్చు. నవ్వుకోవాలంటే ఇది తీసుకోండి. భయం లేదు.

మూడో రకం నాకు నచ్చేది. ఇల్లు అలా ఎందుకుందో ఇంట్లోవాళ్ళ కథే చెప్తుంది. మీ అమ్మగారికి ఇదే కావాలి. నాన్సీ డ్రూ అనే డిటెక్టివ్ అమ్మాయి గేముల్లో కర్స్ ఆఫ్ బ్లాక్‌మూర్ మేనర్, 2004. ఇంగ్లండ్‌లో పాత జమీందారీ బంగళా. కొత్తగా పెళ్ళై వచ్చిన పిల్ల జబ్బుపడి, మంచం చుట్టూ పరదాలు దించేసుకుని ఎవరికీ మొహం చూపించదు. మనం వాళ్ళ ఊరి అమ్మాయిగా చూడ్డానికి వెళ్తాం. ఆ వంశంలో తరతరాలుగా ఇంట్లో ఒక్కో చిక్కుముడి దాచిపెట్టుకుంటూ వచ్చారు. కాబట్టి గోడలో తలుపు ఉందంటే అదెవరు పెట్టారో తెలుస్తుంది, ఎందుకు పెట్టారో కూడా. తుపాకీ లేదు. చచ్చిపోవడం ఉంది కానీ వెంటనే రెండో ఛాన్స్ ఇస్తుంది. మీ లాప్‌టాప్ నిద్రపోతూ కూడా నడిపిస్తుంది. కష్టం లెవెల్ రెండు రకాలుంటాయి. జూనియర్ తీసుకోండి, చెయ్యాల్సిన పనుల చిట్టా కనిపిస్తుంది. (అమ్మగారు సీనియరే అంటారు, చూస్తూ ఉండండి.)

ట్యాబ్‌కి ది రూమ్: ఓల్డ్ సిన్స్, 2018. ఒక ఇంజనీరూ వాళ్ళావిడా మాయమైపోతారు. మనం వాళ్ళింటి అటక ఎక్కితే అక్కడ ఒక బొమ్మరిల్లు, వాళ్ళ బంగళాకే నమూనా. కంటద్దం పెట్టుకుని చూస్తే ఆ బొమ్మరింట్లో గదిలోకే వెళ్ళిపోతాం. తాళంచెవి తిప్పాలంటే వేలితో తిప్పాలి, సొరుగు లాగాలంటే వేలితోనే లాగాలి. మౌస్ పట్టుకోని వాళ్ళు కూడా ఆడేస్తారు.

ఆఖరిది బ్లూ ప్రిన్స్, 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఇది మీ లాప్‌టాప్ మీద ఆడుతుందని నేను చెప్పను, ఎవరి దగ్గరైనా గేమింగ్ పీసీ ఉంటే చూడండి. తాత వరస ఆయన ఒకాయన వీలునామా రాసిపోతాడు. 45 గదుల బంగళాలో 46వ గది కనిపెడితే ఆస్తి నీదే అని. ఇల్లు ముందే కట్టి ఉండదు. ప్రతి తలుపు దగ్గరా మూడు గదుల ప్లాన్లు చూపిస్తుంది, ఒకటి మీరు ఎంచుకోవాలి, ఆ తలుపు వెనక అదే గది వస్తుంది. రోజుకి ఇన్ని అడుగులని లెక్క. అడుగులైపోతే రోజైపోయినట్టే, మర్నాడు ఇల్లంతా మళ్ళీ ఖాళీ. నోట్‌బుక్ లేకుండా కూర్చోకండి. దెయ్యం లేదు, కానీ ఎవరూ లేని అంత పెద్దింట్లో మన అడుగుల చప్పుడు వింటుంటే అదో రకంగా ఉంటుంది.

అందులో ఒక గదిలో మూడు పెట్టెలుంటాయి. ఒక పెట్టెలోనే రత్నాలు. పెట్టెల మీద రాతలుంటాయి. కనీసం ఒక పెట్టె మీద రాత నిజం, కనీసం ఒక పెట్టె మీద రాత అబద్ధం. ఆ తరహాలో నేనే ఒకటి కట్టాను, అమ్మగారికి ఇవ్వండి:

నీలం పెట్టె: రత్నాలు ఇందులో లేవు.
తెల్ల పెట్టె: రత్నాలు నీలం పెట్టెలో లేవు.
నల్ల పెట్టె: రత్నాలు తెల్ల పెట్టెలో ఉన్నాయి.

ఒకే ఒక్క పెట్టె తెరవాలి. ఏది?

జాంబీబాబాయ్:

ఇంత పెద్ద పోస్టులో 1992 అలోన్ ఇన్ ది డార్క్‌కి ఒక్క ముక్క లేదా అన్నా? లూజియానాలో డెర్సెటో బంగళా. యజమాని ఉరేసుకున్న అటక మీదే ఆట మొదలు. కిటికీకి అడ్డంగా బీరువా నెట్టాలి, నేలమీది తలుపు మీదికి పెట్టె జరపాలి, లేకపోతే రెండు వైపుల్నుంచీ వింత జీవాలు వచ్చేస్తాయి. ఆటలో మొదటి పని ఫర్నిచర్ సర్దడం! ఇంట్లో పుస్తకాలు కూడా చదవొచ్చు, కొన్ని చదివితే ప్రాణం పోతుంది. ముందు గుమ్మం తీసుకుని పారిపోదామంటే బయట ఉన్నది మింగేస్తుంది. రెసిడెంట్ ఈవిల్ కెమెరా కోణాలన్నీ దీన్ని చూసి నేర్చుకున్నవే.

పెంకుటిల్లు గారూ, మీకు మాత్రం వద్దు. కొట్టడాలున్నాయి.

పెంకుటిల్లు:

అందరికీ థాంక్సండీ. మెమరీకార్డు గారి పోస్టు అమ్మకి చదివి వినిపించాను. షాపాయన సొరుగు సంగతి విని "వాడే హంతకుడు" అంది.

పెట్టెల లెక్క కాగితం మీద రాసుకుంది. ఇంకా చెప్పలేదు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

బే ఏరియా పిన్ని:

అమ్మగారి కాఫీ ప్రశ్నకి గేముల బయట జవాబు ఒకటి ఉందండీ. మేముండేది శాన్‌హోజేలో. ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్ళే చోట్లలో వించెస్టర్ మిస్టరీ హౌస్ ఒకటి. నేను నాలుగుసార్లు వెళ్ళా, ప్రతిసారీ టికెట్ నేనే కొన్నా.

తుపాకుల కంపెనీ కోడలు సారా వించెస్టర్ 1886లో మొదలుపెట్టి 1922లో పోయేదాకా కట్టిస్తూనే ఉందంటారు. దాదాపు 160 గదులు, 10 వేల కిటికీలు. మెట్లెక్కుతూ పోతే పైన సీలింగ్ తగులుతుంది. మేడ మీద ఒక తలుపు తీస్తే ఎదురుగా ఏమీ లేదు, ఒక్క అడుగేస్తే కింద తోట. గైడు గొంతు తగ్గించి చెప్పేదేంటంటే, ఆ తుపాకులకి బలైనవాళ్ళ ఆత్మలు దారి తప్పాలని అలా కట్టించిందట. కథ బాగుంది, దానికి ఆధారాలే గట్టివి లేవు.

నాకు నచ్చింది ఒక మెట్ల దారి. ఏడు మలుపులు, 44 మెట్లు. అన్నీ ఎక్కి చూస్తే పైకెళ్ళింది సుమారు తొమ్మిది అడుగులే. ఒక్కో మెట్టు రెండంగుళాల పైచిలుకు ఎత్తు, అంతే. మొదటిసారి మా పిల్లలు దెయ్యాలకోసమే అనుకున్నారు. సారాకి కీళ్ళవాతం. కాలెత్తలేదు. అందుకని కాలు జరిపితే చాలనేలా కట్టించుకుంది. రెండోసారి మా అత్తగారిని తీసుకెళ్ళా, ఆవిడవి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఇల్లు మొత్తంలో గైడు సాయం లేకుండా ఆవిడ ఎక్కిన మెట్లు అవొక్కటే. "దెయ్యం కాదు పాడూ కాదు, తెలివైన మనిషి" అంది.

ఆ గాల్లో తలుపులు కూడా కొన్ని 1906 భూకంపం తర్వాత మిగిలినవే అంటారు. ఏడంతస్తుల బురుజు ఉండేది, అది కూలాక మళ్ళీ కట్టలేదు, ఇల్లు నాలుగంతస్తులకి దిగింది. పైన అంతస్తు పోతే మెట్లు ఎక్కడికెళ్తాయి మరి?

రాత్రిషిఫ్ట్:

పిన్నిగారూ, రెండంగుళాల మెట్లు. ఇది ఏ గేమ్‌లోనూ చూడలేదు. ఎవడైనా పెట్టాలి.

పెంకుటిల్లు: (మూడు వారాల తర్వాత)

ఏమైందో చెప్పకపోతే బాగుండదని వచ్చాను.

బ్లాక్‌మూర్ మేనర్ కొన్నాం. మెమరీకార్డు గారూ, మీరన్నట్టే సీనియర్ లెవెలే కావాలంది. లాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి తగిలించాం, అమ్మ దీవాన్ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది, కాబట్టి ఈసారి కాలు గొడవ లేదు. పరదాల వెనక ఆ పిల్ల గొంతు వినపడగానే తీర్పు ఇచ్చేసింది. "జబ్బూ లేదు, శాపం లేదు, అత్తింటివాళ్ళే ఏదో చేశారు." ఆ ఇంట్లో అత్తింటివైపు పెద్దావిడ ఒకావిడ ఉంటుంది, ఆవిడ మీద మొదటి రోజు నుంచీ కన్నేసింది. చివరికి ఎవరని తేలిందో ఇక్కడ చెప్పను. అమ్మ రెండు రోజులు ఆ సంగతి ఎత్తలేదు అని మాత్రం చెప్తా. నలభై ఏళ్ళలో ఆవిడ తప్పడం నేను చూడ్డం ఇది రెండోసారి.

కానీ ఇల్లు మాత్రం ఆవిడకి లొంగింది. తిరుపతి క్యాలెండర్ పాత కాగితాల వెనక ప్లాన్ గీసింది. హాలు, నడవా, గ్రంథాలయం, మేడ మెట్లు, అన్నీ అడుగుల లెక్కన. రెండో రోజు సాయంత్రం పెన్సిల్ ఆపి, "ఈ గదికీ ఆ గదికీ మధ్య ఇంత చోటు ఎందుకు వదిలేశాడు? మన ధాన్యం గది వెనక కూడా ఇలాగే ఉండేది, తాతయ్య ఇనప్పెట్టె పెట్టుకునేవాడు" అంది. ధాన్యం గది వెనక ఒక గది ఉండేదని నాకు ఇంత వయసొచ్చాక ఆ గేమ్ వల్ల తెలిసింది. బ్లాక్‌మూర్‌లో ఆ ఖాళీ సంగతి కూడా ఆవిడే ముందు చెప్పింది, నేను ఇంకా గేమ్‌లో చిలకతో మాట్లాడుతున్నా అప్పటికి.

ఓల్డ్ సిన్స్ పాప, అమ్మ కలిసి ట్యాబ్‌లో ఆడుతున్నారు. నన్ను రానివ్వట్లేదు. అమ్మ వేలికి తడి లేక స్క్రీన్ పలకదు, పాప తిప్పుతుంది, ఆవిడ ఆర్డర్లు వేస్తుంది.

బ్లూ ప్రిన్స్ మా తమ్ముడి పీసీ మీద, ఆదివారాలు. అక్కడ అసలు గొడవ. మ్యాప్‌లో ఉత్తరం పైన ఉంటుంది, మనం వచ్చేది కింద నుంచి. "దక్షిణ సింహద్వారం! అందుకే ఆ ముసలాయన పోయాడు, ఆస్తి ఇలా అయింది" అని మొదలు. తర్వాత గది ఎంచుకునే ప్రతిసారీ వాస్తు. నైరుతిలో పడగ్గది పెట్టమంటుంది. ఈశాన్యంలో బాత్‌రూమ్ వస్తే చచ్చినా ఒప్పుకోదు, ఆ గది తీసుకుంటే దారి తెరుచుకుంటుందని తమ్ముడు నెత్తీ నోరూ కొట్టుకున్నా సరే. మొదటి ఆదివారం గేమ్‌లో ఆరు రోజులు ఆడి ఆరు రోజులూ దారి మూసుకుపోయింది. రెండో ఆదివారం కొంచెం మెత్తబడింది. "అద్దె ఇల్లు అనుకుందాంలే" అని.

కాఫీ ప్రశ్నకి జవాబు మాత్రం పిన్నిగారి పోస్టులోనే దొరికిందట. మెట్ల సంగతి చదివించుకుని మళ్ళీ చదవమంది. తర్వాత మా ఫిజియోథెరపీ అబ్బాయి వస్తే రెండంగుళాల ఎత్తుతో చెక్క మెట్టు ఒకటి చేయించమని అడిగింది. ఆ అబ్బాయి నవ్వలేదు, నాలుగంగుళాలది తెచ్చాడు. పొద్దున పది, సాయంత్రం పది ఎక్కి దిగుతోంది. లెక్క పెట్టేటప్పుడు "నలభై నాలుగు" దాకా వెళ్తానంటుంది. ఇంకా ఇరవై దాటలేదు.

మెమరీకార్డు గారూ, మీ పెట్టెల జవాబు. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా: "నీలం, తెలుపు రెండూ ఒకే మాట అంటున్నాయి కదా. నిజమైతే రెండూ నిజం, అబద్ధమైతే రెండూ అబద్ధం. రెండూ అబద్ధమైతే రత్నాలు నీలం దాంట్లో ఉన్నట్టు, అప్పుడు తెల్లదాంట్లో ఉన్నాయన్న నల్లపెట్టె మాట కూడా అబద్ధమే. మూడూ అబద్ధం కుదరదు. కాబట్టి ఆ రెండూ నిజం, నల్లది అబద్ధం. నీలంలో లేవు, తెల్లదాంట్లో లేవు. నల్లది తెరువు." ఇదంతా చెప్పి, ఇంకొంచెం కష్టమైంది ఉంటే పంపమంటోంది.

ఒక్క సాయం కావాలి. బ్లూ ప్రిన్స్‌లో బేస్‌మెంట్ తాళంచెవి ఎక్కడ... వద్దు, చెప్పకండి. అమ్మ వెనకాలే ఉంది, చదువుతోంది.